నిండు బీరువా

చూడటానికి మేనమామ దేశం వాళ్ళు వస్తున్నారన్న కబురు వార్డులోకి రాగానే టైలరమ్మ కళ్ళు ముందు కిటికీల మీదికి పోయాయి.

"ఆ కర్టెన్లు చూడండి సిస్టర్. నేల తుడిచే గుడ్డలు వాటికంటే నయం. ఇంటికి మనుషులొస్తున్నారంటే ఇలాగే ఉంచుతామా?"

"కర్టెన్ల సంగతి తర్వాత. ముందు మీ ఆయన్ని ఆ చెయ్యి కదపకుండా పడుకోమను. సూది జారితే మళ్ళీ నన్నే అంటాడు," అంది పెద్ద సిస్టరు, గొట్టానికి ప్లాస్టరు అంటిస్తూ.

"నా పెళ్ళాన్నే ఏమీ అనలేనివాణ్ణి, మిమ్మల్నంటానా?" అన్నాడు టైలరమ్మ మొగుడు, కళ్ళు మూసుకునే.

మేనమామ దేశం అన్న పేరు ఆ వార్డులోనే పుట్టింది. కిడ్నీలు పాడైనవాళ్ళకి రక్తం శుభ్రం చేసే మిషన్లు అక్కడ ఎన్నున్నాయో అన్నీ ఒక దూరదేశం ఇచ్చినవే. మిషన్లతో పాటు వాటికి తగిలించే ఫిల్టర్లు, గొట్టాలు, సూదులు, మంచాలు, ఆఖరికి గోడ మీది గడియారం కూడా అక్కడినుంచే ఓడెక్కి వచ్చాయి. ప్రతిదాని మీదా నీలిరంగు చక్రంలో ఎగురుతున్న తెల్లకొంగ, అది ఆ దేశం ముద్ర. "అడక్కుండా సంచినిండా తెచ్చేవాణ్ణి మేనమామ అనక ఇంకేమంటారు?" అని ఒకరోజు టైలరమ్మ మొగుడు సరదాకి అన్నాడు. ఆ మాట వార్డు దాటి, ఆసుపత్రి గేటు దాటి, బజార్లోకి పోయింది.

అతను సిటీ బస్సు డ్రైవరు. జబ్బు చేసి స్టీరింగు వదిలి చాలా కాలమైనా అందరికీ ఇంకా డ్రైవరే. ఆ దేశం ఫుట్‌బాల్ జట్టు ఆడుతుంటే టీవీ ముందునుంచి లేచేవాడు కాదు. "గెలిచామే!" అని కేకేసేవాడు. "మనమెప్పుడు ఆడాం?" అనేది టైలరమ్మ కుట్టుమిషను ఆపకుండా. అతనొక్కడే కాదు, ఆ రోజుల్లో ఆటోల వెనకంతా కొంగ బొమ్మలే. టీ కొట్టు ఆయన ఆ దేశం పంపిన గోధుమ సంచుల్ని విప్పించి, ముద్ర రోడ్డుకి కనపడేటట్టు పందిరి కుట్టించుకున్నాడు. కుట్టింది టైలరమ్మే. ఆ దేశం ఎటువైపుందో మ్యాపులో చూపించమంటే ఆవిడ చూపించలేకపోయేది. తన మొగుడు దాని చలవ వల్ల బతికున్నాడు. ఆ దేశం గురించి ఆవిడకి తెలిసింది అంతే, ఆవిడకి అది చాలు.

పక్క మంచం లెక్కల మాస్టారిది. ఆయనకి ఈ ప్రేమ చూస్తే ఒళ్ళు మండేది.

"వాళ్ళు ఊరికే పంపుతున్నారనుకుంటున్నావా డ్రైవరూ? అక్కడ కూచుని లెక్కలేసుకుంటారయ్యా, ఫలానా చోట జనం మనల్ని ఎంత ఇష్టపడుతున్నారు అని. నువ్వు టీవీ ముందు వేసే ఈలలన్నీ ఆ లెక్కలోకే పోతాయి."

"పోనివ్వండి మాస్టారూ. నా ఈల వాళ్ళకి పనికొస్తే ఇంకో రెండు వేస్తాను. నా దగ్గర ఇవ్వడానికి ఇంకేముంది?"

ఇలా నవ్వులాటగా రోజులు గడుస్తుండగానే పెట్టెలు రావడం పలచబడింది. అక్కడ ప్రభుత్వం మారిందట. ఎవరెవరికో ఎందుకు దోచిపెడుతున్నామని అక్కడి జనం అడుగుతున్నారట. ఏదైతేనేం, ఒక్కో ఫిల్టరు మీద రోగి పేరు రాసి, కడిగి, కొన్నిసార్లు వాడి పారేసేది పోయి, లోపలి దారాలన్నీ ఎర్రబడి గట్టిపడేదాకా వాడటం మొదలుపెట్టారు. వారానికి మూడుసార్లు వచ్చే వంతుల్లో ఒకటి కోసేశారు. మిషను మీద ఉంచే సమయమూ తగ్గించారు. డ్రైవరుకి పొద్దున లేచేసరికి కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి మూడు దిళ్ళు చేర్చుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. కొత్త పెట్టెలు రాకపోతే అతను ఎంతకాలం ఉంటాడన్నది టైలరమ్మ ఎవర్నీ అడగలేదు. అడగకుండానే తెలుస్తోంది.

అందుకే ఆ దేశం వాళ్ళు వస్తున్నారంటే ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

పెద్ద డాక్టరు రోగుల్నీ వాళ్ళ తాలూకు వాళ్ళనీ అందర్నీ వార్డులో నిలబెట్టి మాట్లాడాడు. "చూడండమ్మా. మన సొమ్ము తింటూ మన మీదే మొహం చిట్లిస్తున్నారని వాళ్ళ దేశంలో ఒక మాట పుట్టింది. అది నిజమా కాదా చూసుకోవడానికే ఈ రావడం. కాబట్టి ఏడుపులొద్దు, చేతులు చాచడాలొద్దు. మనసులో ఉన్న కృతజ్ఞత మొహంలో కనపడాలి. అంతే."

"మరి సరుకు అయిపోయిందన్న ముక్క ఎవరు చెప్తారు?" అన్నాడు మాస్టారు.

"అది నేను ఎప్పుడో రాశాను. ఒకసారి కాదు, నెలనెలా రాస్తున్నాను. వాళ్ళకి తెలుసు."

"రాసింది చదువుతారా అని."

"మాస్టారూ, ఇంటికొచ్చిన మనిషి గుమ్మంలో అడుగుపెట్టగానే మా ఇంట్లో బియ్యం లేవని చెప్తారా మీరు?" అంది టైలరమ్మ, ఉండబట్టలేక. నలుగురూ నవ్వారు. మాస్టారు అటు తిరిగి పడుకున్నాడు.

అప్పట్నుంచి పండగ పనులు పడ్డట్టే పడ్డాయి ఆవిడకి. ఎవరిదో పెళ్ళిపందిరికి తెచ్చి మిగిలిన లేతనీలం గుడ్డ ఇంట్లో ఉంటే కర్టెన్లు కుట్టింది. దిళ్ళ గలీబులు ఉతికి ఇస్త్రీ చేసింది. ఇంక ఫరవాలేదు అనుకుంటుండగా పెద్ద సిస్టరు వచ్చి వార్డు గుమ్మంలో ఉన్న అద్దాల బీరువా ముందు నిలబడిపోయింది. ఫిల్టర్ల పెట్టెలు పెట్టే బీరువా అది. ఒకప్పుడు తలుపులు పట్టేవి కావు. ఇప్పుడు కింది అరలో రెండు పెట్టెలున్నాయి. మిగతాదంతా బోసి.

"వస్తూనే కనపడేది ఇదే. ఏం చెయ్యను? తెల్లగుడ్డ కప్పేయనా?"

"గుడ్డ కప్పితే ఏదో దాచారనుకుంటారు," అంది టైలరమ్మ. "అలాగని ఇలా వదిలేస్తే ఇంకా తప్పు సిస్టర్. అన్నన్ని పెట్టెలు పంపాం, ఏవీ? అమ్ముకున్నారా? అనరూ?"

ఆ ఆలోచన సిస్టరుకి రాలేదు.

టైలరమ్మకి మాత్రం ఇది కొత్త సంగతి కాదు. వాళ్ళమ్మ వంటింటి అలమారలో పైవరసన డబ్బాలన్నీ తళతళలాడుతూ ఉండేవి, చాలావాటిలో ఏమీ ఉండేది కాదు. సంబంధాలు చూడటానికి వచ్చినవాళ్ళు, ఆడపడుచులు, వియ్యపురాళ్ళు, ఎవరొచ్చినా ఆ వరస చూసి "మీకేం లోటమ్మా" అని వెళ్ళేవారు. మూత తీసి చూసేంత మర్యాద తెలియనివాళ్ళు ఎవరుంటారు? అలా ముగ్గురు పిల్లల్ని పరువుగా సాగనంపింది వాళ్ళమ్మ.

"వెనక షెడ్డులో ఖాళీ పెట్టెలున్నాయిగా? తడిగుడ్డతో తుడిచి, మూతలకి టేపు వేసి పేర్చేద్దాం. కొంగ ముద్ర ఇవతలికి కనపడాలి. వాళ్ళు పంపింది మనం ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నామో వాళ్ళకే తెలుస్తుంది."

సిస్టరు కాస్త తటపటాయించింది. "లోపలేం లేదు కదా?"

"లేదని పెద్ద డాక్టరుగారు రాశారుగా. వాళ్ళకి తెలుసన్నారుగా. చూడ్డానికి బాగుండాలనేగా మనం పెడుతున్నది."

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి బీరువా నింపారు. నిండిన తర్వాత అద్దం తలుపు దగ్గరికి వేసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూసి, సిస్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. "పాత రోజులు గుర్తొచ్చాయి," అంది.

*

వచ్చినావిడ టైలరమ్మ ఈడుదే. నెరిసిన జుట్టుకి రంగు వేసుకోలేదు, కాళ్ళకి మామూలు చెప్పులు. వెంట కెమెరా పట్టుకున్న ఒకతను, మాటలు తిప్పి చెప్పడానికి ఒక అమ్మాయి. పెద్దపెద్ద వాళ్ళు దిగుతారనుకున్న వార్డంతా ఆవిణ్ణి చూసి కాస్త చల్లబడింది, కాస్త ధైర్యపడింది కూడా.

గుమ్మంలోనే ఆవిడ బీరువా చూసి ఆగింది. మొహం విప్పారింది. కెమెరా అతన్ని పిలిచి బీరువాకి ఫొటో తీయించింది. తర్వాత కర్టెను అంచు రెండు వేళ్ళతో పట్టుకుని చూసి ఏదో అడిగింది.

"ఇవి కుట్టింది ఎవరని అడుగుతున్నారు," అంది అమ్మాయి.

టైలరమ్మని ముందుకి తోశారు. ఆ వచ్చినావిడ తన చీరె కుచ్చిళ్ళకేసి కాకుండా కుట్టు కేసి చూడటం టైలరమ్మకి నచ్చింది. మంచి మనిషి, అనుకుంది. ఇలాంటి మనిషి మన చెయ్యి వదిలేయదు.

తర్వాత ఆవిడ స్టూలు లాక్కుని డ్రైవరు మంచం పక్కన కూర్చుంది. అతను వాళ్ళ జట్టు గోలుకీపరు గురించి ఎత్తుకున్నాడు. ఆ పెనాల్టీ ఎలా వదిలేశాడో పడుకున్నచోటే చూపించబోతే సిస్టరు చెయ్యి పట్టుకుంది. ఆవిడ పగలబడి నవ్వింది. వార్డంతా నవ్వింది, కెమెరా అతను ఫొటో తీశాడు. మొహంలో ఉబ్బు వల్ల అతను నవ్వుతుంటే కళ్ళు పూర్తిగా మూసుకుపోతున్నాయి. దూరం నుంచి చూసేవాళ్ళకి బాగా తిని బాగా నిద్రపోయినవాడి మొహంలా ఉంది.

నవ్వులు సర్దుకున్నాక ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. అమ్మాయి చెప్పింది: "ఏమైనా ఇబ్బందులున్నాయా? మొహమాటపడకుండా చెప్పమంటున్నారు."

పెద్ద డాక్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. డ్రైవరు పెళ్ళాం వైపు చూశాడు. ఏదో అనడానికి అతని పెదవులు విచ్చుకున్నాయి.

"ఏ ఇబ్బందీ లేదమ్మా," అనేసింది టైలరమ్మ. "మీ దయ వల్ల అన్నీ నిండుగా ఉన్నాయి. మాకే లోటూ రానివ్వలేదు మీరు. మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి."

పక్క మంచం మీద మాస్టారు మోచేతి మీద లేచాడు. "అమ్మాయ్, నేనొక మాట చెప్పాలి, ఆ బీరువా—" అంటుండగానే దగ్గొచ్చింది. టైలరమ్మ రెండంగల్లో అటు వెళ్ళి, దుప్పటి గడ్డం దాకా లాగి, "చలిగా ఉందా మాస్టారూ, పడుకోండి, పడుకోండి," అంటూ భుజం మీద మెత్తగా ఒత్తింది. ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. ఏమనుకున్నాడో మళ్ళీ నోరు విప్పలేదు. వచ్చినావిడకి ఆ దుప్పటి కప్పడం ఎంతో నచ్చినట్టుంది. దానికీ ఫొటో తీశారు.

వెళ్ళేముందు ఆవిడ టైలరమ్మ రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"చూశావా!" అన్నాడు డ్రైవరు, వాళ్ళు వెళ్ళాక. "అంత పెద్ద దేశం నీ చేతులు పట్టుకుని ఏడ్చింది."

*

వర్షాలు తగ్గేలోపు జవాబొచ్చింది. పెద్ద డాక్టరు ఈసారి వార్డుకి రాలేదు. పెద్ద సిస్టరుని పిలిచి చెప్పాడు, సిస్టరు వచ్చి అందరికీ చెప్పింది. ఏ ఒక్కరి మొహంలోకీ చూడకుండా, చేతిలోని గాజుగుడ్డ మడతపెడుతూ చెప్పింది.

వాళ్ళకి అన్నీ ఎంతో నచ్చాయట. ఇంత పొందిగ్గా నడుస్తున్న చోటు ఇంకోటి చూడలేదట. సరుకు నిండుగా ఉంది, మనుషులు తమ కాళ్ళ మీద తాము నిలబడ్డారు, ఇక్కడ తమ దేశం మీద ప్రేమకీ కొదవ లేదు. కాబట్టి ఇకమీదట పంపేదేదో మన పేరు చెబితే మండిపడే చోటికి పంపుదాం, అక్కడే మన అవసరం ఎక్కువ, అని తీర్మానించుకున్నారట.

ముందు నవ్వింది మాస్టారు. నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు.

"మెచ్చుకోలు కావాలని వచ్చారు, దోసిళ్ళతో పోశాం. సరిపోయింది, చాలన్నారు. ఒక్కడైనా వాళ్ళ మొహాన తిట్టుంటే ఇంకో ఓడ వచ్చేదయ్యా డ్రైవరూ!"

టైలరమ్మ అక్కణ్ణుంచి తిన్నగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది. పిలవందే ఆ గదిలోకి వెళ్ళడం అదే మొదలు.

"అవి ఖాళీ పెట్టెలని రాయండి సార్. ఆ పని చేసింది నేనే. నా పేరు పెట్టి రాయండి, కుట్టుపని చేసుకునే బుద్ధిలేని ఆడది చేసిందని రాయండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయనకీ వయసు మీద పడ్డట్టు కనిపించింది ఆ క్షణాన.

"రాస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా? ఖాళీ పెట్టెలు చూపించి ఫొటోలు తీయించారంటారు. నెలనెలా నేను రాసి పంపినవి కూడా అబద్ధాలేనంటారు. పిల్లలకి వేసే టీకాలు ఇంకా వాళ్ళవే వస్తున్నాయి. అవీ ఆగిపోతాయి. మీ ఆయన కోసం వాటిని పణం పెట్టమంటావా? చెప్పు, పెడతాను."

అవునని అనాలని ఆవిడకి నాలుక చివరి దాకా వచ్చింది. అనలేకపోయింది. తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేసింది.

కబురు బజార్లోకి పోవడానికి ఎంతసేపు పడుతుంది? ఆటోల వెనక కొంగ బొమ్మల్ని గోళ్ళతో గీకేశారు. టీ కొట్టు ఆయన పందిరి తిరగేసి కట్టుకున్నాడు, ముద్ర లోపలికి పోయేటట్టు. "మేనమామా వీడు? పెళ్ళికొచ్చి, ఫొటో దిగి, కడుపునిండా తిని చెయ్యి తుడుచుకుపోయే దూరపు చుట్టం," అనేవాడు గ్లాసులు కడుగుతూ. పక్కనున్నవాళ్ళు ఇంకో రెండు కలిపేవారు. ఒకప్పుడు ఆ దేశానికి దణ్ణం పెట్టిన నోళ్ళే ఇప్పుడు శాపనార్థాలు పెడుతున్నాయి. టీ కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సొచ్చినప్పుడల్లా టైలరమ్మ అడుగు తొందరపడేది. వాళ్ళు తిట్టే తిట్లన్నీ దారి తప్పి ఎవరికో తగులుతున్నాయని ఆ బజార్లో ఆవిడొక్కదానికే తెలుసు. ఎంత తిట్టినా ఆ తిట్టు ఆ దేశం దాకా పోదు. పోయినా ఇప్పుడు దాన్ని లెక్క వేసుకోవడానికి అక్కడ ఎవరూ కూర్చుని లేరు.

మాట తిప్పి చెప్పిన అమ్మాయి నంబరు సంపాదించి టైలరమ్మ ఒకసారి ఫోను చేసింది. ఆ అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆ ఆఫీసు మూసేశారట. తను ఇప్పుడు ఒక బట్టల షాపులో చేస్తోందట. "మేడమ్ కారెక్కాక కూడా మీ గురించే చెప్పారండీ. ఇంత ఆత్మాభిమానం ఉన్నవాళ్ళని మనం బిచ్చగాళ్ళని చేయకూడదన్నారు," అంది.

మిషన్లు ఒక్కొక్కటిగా ఆపేశారు. ఉన్న ఫిల్టర్లు పంచుకోవడంలో మాస్టారి వంతు ఒకసారి తప్పింది. రెండోసారి వంతు వచ్చేసరికి ఆయన లేడు. ఆయన మంచం మీద పరుపు చుట్టి పెట్టారు. డ్రైవరు వారానికి ఒకసారికి దిగాడు. తర్వాత సిస్టరు ఫోను చేస్తే వెళ్ళడమైంది. ఆ ఫోను కోసం టైలరమ్మ కుట్టుమిషను మీద చెయ్యి ఆపి వినేది.

ఒక మధ్యాహ్నం మైకు పట్టుకుని టీవీ వాళ్ళు ఇంటికే వచ్చారు. ఆ రోజు ఫొటోల్లో నవ్విన మొహం ఇదేనని ఎవరో చూపించారట. ఆ దేశం గురించి జనం ఇప్పుడేమంటున్నారో చూపించే ప్రోగ్రామట. డ్రైవరు దిళ్ళకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒక మాటకీ ఇంకో మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది.

"అప్పట్లో మీరు వాళ్ళని అంత మెచ్చుకున్నారు కదా. నమ్మించి ఇలా చేశారు. ఇప్పుడు వాళ్ళ గురించి ఏమనిపిస్తోంది?"

"మంచివాళ్ళు," అన్నాడు డ్రైవరు.

మైకు పట్టుకున్నతను కెమెరా అతని వైపు చూశాడు. "అంటే, మీ ప్రాణం మీదికి తెచ్చారని కోపం లేదా? మనసులో ఉన్నది చెప్పండి, ఫరవాలేదు."

"వాళ్ళేం చేస్తారు బాబూ? ఇబ్బందేమైనా ఉందా అని అడిగారు. లేదన్నాం. మంచివాళ్ళు కాబట్టే... మన మాట నమ్మారు."

ఇది పనికిరాదని వాళ్ళకి అర్థమైపోయింది. వైర్లు చుట్టుకుంటూ, బజార్లో ఎవరినైనా అడుగుదామని చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. టైలరమ్మ తలుపు గడియ వేసి, అక్కడే గోడకి ఆనుకుని నిలబడింది.

"నీకు తెలుసా?" అంది. పెళ్ళయినప్పట్నుంచీ 'మీరు' అనే మనిషికి ఆ పూట 'నువ్వు' వచ్చింది. అతనూ పట్టించుకోలేదు.

"ఏది, పెట్టెల సంగతా? ఆ అద్దాల వెనక అన్నీ టేపు కొత్తగా మెరుస్తుంటే... ఇన్నేళ్ళు కండక్టర్లతో పనిచేశానే. ఖాళీ సంచి నిండుగా ఎలా కనపడుతుందో నాకు తెలీదా?"

"మరి ఆవిడ అడిగినప్పుడు చెప్పొచ్చుగా! నోరు తెరిచావు కదా!"

"తెరిచాను. నువ్వు అప్పటికే లేదనేశావు." అతను ఊపిరి కోసం ఆగాడు. "అంతమందిలో నా పెళ్ళాం అబద్ధమాడుతోందని చెప్పనా?"

ఆవిడ వచ్చి మంచం పక్కన నేల మీద కూలబడింది. తిడితే బాగుండేది. ఒక్కసారి గట్టిగా, చుట్టుపక్కల వాళ్ళు వినేటట్టు తిడితే, తనూ ఏడ్చి తేలికపడేది. అతనికి తిట్టేంత ఊపిరి లేదు. ఉన్నా తిట్టే మనిషి కాదు.

కాసేపటికి, అతను కళ్ళు మూసుకునే అడిగాడు.

"సిస్టరు ఫోను చేసిందా?"

పొద్దున చేసింది. ఈ వారం ఎవరికీ లేదని, వచ్చే వారం సంగతి తను చెప్పలేనని, తనని కూడా వేరే వార్డుకి మార్చేశారని చెప్పి, చివర్లో ఏడ్చింది.

"చేసింది," అంది టైలరమ్మ. "ఎల్లుండి మన వంతు. పొద్దున్నే రమ్మంది."

"సరే అయితే," అన్నాడు డ్రైవరు. నమ్మాడో లేదో ఆవిడకి తెలియలేదు.